మేకల్ని చంపింది రేచుకుక్కలేనా? ఊళ్లో విషం పెడదామంటున్నారు

గుండ్లకమ్మ గట్టు:

అందరికీ నమస్కారం. మాది గిద్దలూరు వైపు, నల్లమల అంచునే ఊరు. నేను ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాను. ఇంటి దగ్గర నాన్న మేకలు మేపుకుంటాడు. మా చదువులూ చెల్లెలి పెళ్లీ అన్నీ ఆ మంద మీదే గడిచాయి.

నాలుగు రోజుల కిందట పగలు, తొమ్మిది దాటాక, నాన్న మందను వాగు దాటించి కొండవాలున మేపుతున్నాడు. ముందు ఈల వేసినట్టు చప్పుడు వచ్చిందంటాడు. ఇంకో కాపరి పిలుస్తున్నాడనుకున్నాడట. అంతలోనే మంద చెల్లాచెదురైంది. ఎర్రటి కుక్కలు, తోక మాత్రం నల్లగా కుచ్చులా ఉందట, ఒక పోతుపిల్లను విడదీసి వాగులోకి తరిమాయి. నాన్న కర్ర పట్టుకుని కేకలేస్తూ దిగేసరికి తల, చర్మం, ఎముకలు మిగిలాయి. ఆయన్ని చూసి అవి కొంచెం వెనక్కి జరిగి నిలబడ్డాయి తప్ప మీదికి రాలేదు.

రెండోది నిన్న రాత్రి, దొడ్లోనే. పొద్దున లేచి చూస్తే ఐదు మేకలు చచ్చి ఉన్నాయి. ఇంకో రెండింటికి తొడలు చీలిపోయాయి, బతుకుతాయో లేదో తెలియదు. ఒక్కదాన్ని మాత్రం కొంచెం తిన్నాయి, మిగతా వాటిని కొరికి వదిలేశాయి.

ఊళ్లో అందరూ ఇది రేచుకుక్కల (అడవి కుక్కల) పనే అంటున్నారు. చచ్చిన మేకల్లో గుళికల మందు పెట్టి వాగు దగ్గర పడేస్తే పీడ పోతుందని ఇద్దరు ముగ్గురు గట్టిగా అంటున్నారు. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చుని తేలుస్తారట. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఆ జంతువు చాలా అరుదైందని ఎక్కడో చదివాను. అలాగని ఆరు మేకలు పోగొట్టుకున్న నాన్నతో "పోనీలే" అని అనలేను.

రెండుసార్లూ వచ్చింది ఒకటే జంతువా? మనుషుల మీద పడతాయా? చట్టం పేరు చెప్పి బెదిరించకుండా పెద్దవాళ్లకు ఏం చెప్పాలి? నష్టపరిహారం ఏమైనా వస్తుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కొండదారి:

తమ్ముడూ, మిగతాది తర్వాత చదువుదువుగాని, ముందు నాన్నకు ఫోన్ చెయ్. చచ్చిన మేకల్ని ఎవరు అడిగినా ఇవ్వొద్దని చెప్పు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించు. పశువుల డాక్టరూ అటవీ బీట్ ఆఫీసరూ వచ్చి చూసిపోయాక లోతుగా గొయ్యి తీసి పూడ్చెయ్యండి. కళేబరమే దొరక్కపోతే విషం మాట సగం అక్కడే ఆగిపోతుంది.

నేను గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం చుట్టుపక్కల కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు) కట్టే బృందాలతో చాలా ఏళ్లు తిరిగాను. రేచుకుక్కల్ని దగ్గర నుంచి చూసే అవకాశం వచ్చింది. వాటి మీద నాకున్న ప్రేమను దాచుకోను. అయినా మీ నాన్న నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను.

రెండు ఘటనల్నీ విడదీసి చూడు. పగటి పూట జరిగింది రేచుకుక్కల పనే అనిపిస్తోంది. ఎర్ర ఒళ్లు, నల్ల కుచ్చు తోక, ఈల, ఒకదాన్ని మంద నుంచి విడదీయడం, నిమిషాల్లో తినెయ్యడం, మనిషి కనపడగానే జరిగిపోవడం, అన్నీ సరిపోతున్నాయి. ఇవి ఎక్కువగా పొద్దునా సాయంత్రమూ వేటాడతాయి. ఆ ఈల అడవిలో చెదిరిపోయిన మంద మళ్లీ కలుసుకోవడానికి వేసేది. దట్టమైన పొదల్లో ఒకదానికొకటి కనపడవు కదా, ఈలే దారి చూపిస్తుంది.

రాత్రి దొడ్లో జరిగింది మాత్రం వాటి పని అని నేను అనుకోను. రేచుకుక్కలు చంపింది తినడానికే, అదీ అక్కడికక్కడే. ఐదింటిని చంపి నాలుగింటిని ముట్టకుండా పోవడం వాటి తీరు కాదు. చిరుత అయితే గొంతు మీద కోరల గాట్లు లోతుగా కనపడతాయి. సాధారణంగా ఒకదాన్ని పట్టుకుని కంచె దాటించి ఈడ్చుకుపోతుంది. తొడలు, చెవులు, తోక దగ్గర అడ్డదిడ్డంగా కొరికి, చాలా వాటిని చంపి, తినకుండా వదిలేశాయంటే నాకు ముందు అనుమానం వచ్చేది ఊరకుక్కల గుంపు మీద. మీ ఊరి చుట్టుపక్కల కోళ్ల వ్యర్థాలు పారబోసే చోటు ఏదైనా ఉందా? అక్కడ పెరిగిన కుక్కలు గుంపు కట్టి రాత్రిళ్లు ఇలా చేస్తాయి. డాక్టరుతో చర్మం ఒలిపించి గాట్లు చూపించమని అడుగు, లోపలి దెబ్బలు పైకి కనపడవు.

ఇక విషం సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఆదివారం నువ్వు చెప్పాల్సింది కూడా ఇదే.

ఒక వేసవికి ముందు, మాఘమాసంలో అనుకుంటా, రాళ్ల గుట్ట కింద ఒక బొరియను అవతలి గట్టు నుంచి బైనాక్యులర్‌తో చూశాం. బొరియ బయట ఒక పెద్ద కుక్క కాపలా కూర్చుని ఉంది. ఎండెక్కే వేళకు వేటకు పోయినవి తిరిగొచ్చాయి. వాటి నోళ్లలో ఏమీ లేదు. పిల్లలు, ఆరో ఏడో, చీకటి నుంచి ఒక్కసారి బయటికి దూకి పెద్దవాటి మూతులు నాకడం మొదలుపెట్టాయి. అంతే, ఒక పెద్ద కుక్క తల దించి కడుపులోని మాంసాన్ని నేల మీద కక్కింది. పిల్లలు దాన్ని తిన్నాయి. పక్కదాని దగ్గరికి పరిగెత్తాయి, అదీ కక్కింది. కాపలా ఉన్నదానికి కూడా ఒక వాటా దక్కింది. ఆ పిల్లలు అందరి పిల్లలూ కావు. ఒక మందలో మామూలుగా ఒక జంటే కంటుంది, మిగతావన్నీ కలిసి సాకుతాయి.

ఇప్పుడు ఆ మాంసంలో గుళికలు ఉన్నాయనుకో. చిరుతో, పులో అయితే ఒంటరిగా తింటుంది. రేచుకుక్కలు అందరూ కలిసి ఒకే కళేబరాన్ని తింటాయి, తిన్నది తీసుకెళ్లి బొరియ దగ్గర పిల్లల నోట్లో పెడతాయి. ఒక్క మేక మాంసంతో ఒక కొండ మీదున్న మంద మొత్తం, వచ్చే ఏడాది పెరగాల్సిన పిల్లలతో సహా పోతుంది. ఆ మిగిలిన ముక్కలు దుమ్ములగొండి తింటుంది, రాబందు తింటుంది, మీ ఊరి కాపరుల కుక్కలు కూడా తింటాయి. వాగులో పడితే ఆ నీళ్లు తాగేది మీ మేకలే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచం మొత్తం మీద పిల్లలు పెట్టే వయసున్న రేచుకుక్కలు సుమారు 950 నుంచి 2,200 మధ్యే మిగిలాయని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా. వాటిలో చాలా భాగం మన దేశంలోనే ఉన్నాయి. గడిచిన వందేళ్లలో మన దేశంలో అవి తిరిగిన చోట్లలో సగానికి పైగా ఖాళీ అయిపోయాయి. తెల్లవాళ్ల కాలంలో వీటిని చీడ జంతువులన్నారు, చంపి తెచ్చినవాళ్లకు బహుమానం ఇచ్చారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా ఆ పద్ధతి సాగింది. వేటగాళ్లకు ఇవి ఎందుకు గిట్టలేదో తెలుసా? తుపాకీ పట్టుకుని వచ్చేసరికి దుప్పులు దొరక్కుండా చేస్తాయని. బందీపూర్‌లో 1976 నుంచి 1978 దాకా వన్యప్రాణి శాస్త్రవేత్త ఏ.జె.టి. జాన్‌సింగ్ వీటి వెంట తిరిగి చదివాకే వీటి సంసారం ఎలాంటిదో లోకానికి సరిగ్గా తెలిసింది.

మనుషుల భయం గురించి అడిగావు. రేచుకుక్కలు మనిషిని వేటాడి చంపినట్టు నేనెక్కడా వినలేదు. మీ నాన్న అరుపుకు అవి జరిగిపోయాయి కదా, అదే వాటి స్వభావం.

పాలేరు వాగు:

కొండదారి గారు, మీరు రాసింది చదివితే మనసు కదిలింది. అయినా ఒక మాట. మీరు బైనాక్యులర్‌తో చూసి సంతోషపడతారు, ఆ సంతోషానికి ఖర్చు పెట్టేది మేకల కాపరి. పోతుపిల్ల ఒకటి పోతే ఆ ఇంట్లో ఒక పండగ పోయినట్టే. మా మామయ్యకు రెండేళ్ల కిందట చిరుత నాలుగు గొర్రెల్ని చంపితే ఆఫీసు చుట్టూ తిప్పించుకున్నారు. ఆఖరికి వచ్చిన డబ్బు బస్సు ఛార్జీలకూ జిరాక్స్‌లకూ సరిపోయింది. జంతువును కాపాడాలంటే ముందు కాపరికి సకాలంలో డబ్బు అందాలి. అది లేకుండా ఎన్ని చెప్పినా రచ్చబండ దగ్గర నిలబడదు.

చెంచుపెంట కుర్రాడు:

పాలేరు అన్నా, నువ్వన్నది నిజం. మా గూడెంలో కూడా మేకలున్నాయి. నేను అటవీ శాఖ బేస్ క్యాంప్‌లో అడవి కాపలాకు ప్రొటెక్షన్ వాచర్‌గా పని చేస్తున్నాను, నెల జీతం ఆలస్యమైతే ఇల్లెలా గడుస్తుందో నాకూ తెలుసు. అయినా విషం మాత్రం వద్దని నేను కూడా గట్టిగా చెబుతాను.

మా అబ్బ చెప్పేవాడు, వాళ్ల చిన్నప్పుడు రేచుకుక్కల ఈల వినపడితే అటు పరిగెత్తేవాళ్లంట. అవి కణితి అనే పెద్ద జింకను పడగొట్టి ఉంటే చప్పుడు చేసి పక్కకు తోలి ఒక తొడ కోసుకుని, మిగతాది వాటికే వదిలేసి వచ్చేవాళ్లంట. మొత్తం ఎత్తుకురావడం తప్పు అనేవాడు. అది వాటి కష్టం, మనకు వాటా ఇచ్చాయి అనేవాడు.

ఊళ్లలో ఇంకో మాట అంటారు, ఇవి తోకతో ఉచ్చ చల్లి జంతువు కళ్లు పోగొడతాయని. అది నిజం కాదు. దారులు కలిసే చోట ఇవి ఉచ్చ పోస్తాయి, పెంటికలు వేస్తాయి. మేం ఆ కూడలి దగ్గరే ముందు వెతుకుతాం. పెంటిక విప్పితే వెంట్రుకలు కనపడతాయి. దుప్పి వెంట్రుక ఒకలా ఉంటుంది, మేక వెంట్రుక ఇంకోలా ఉంటుంది. మీ నాన్న మేకలు మేపే వాలుకు పైన రెండు దారులు కలిసే చోటు ఉందేమో బీట్ ఆఫీసర్‌ని తీసుకుని వెళ్లి చూడండి. దొడ్లోకి వచ్చినవి ఇవేనా కాదా అనేది తేలడానికి అదొక ఆధారం.

ఒక సంగతి గట్టిగా చెబుతున్నా. కార్తీకం దాటిన దగ్గర నుంచి ఫాల్గుణం దాకా బొరియల్లో పిల్లలుంటాయి. అప్పుడు మంద దూరం పోదు, బొరియ చుట్టూనే వేటాడుతుంది. ఆ నాలుగు నెలలు ఆ వాలు వదిలి వాగుకు ఇవతలే మేపుకుంటే చాలా వరకు గొడవ ఉండదు. బొరియ కనపడితే దగ్గరికి పోవద్దు, ఫొటో కోసం అసలే పోవద్దు. మనిషి వాసన తగిలితే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరచుకుని వేరే చోటికి మారుస్తాయి, ఆ దారిలో కొన్ని పోతాయి.

చిన్న మేకపిల్లల్ని, ఈనడానికి ఉన్నవాటిని మంద చివర వదలకండి. కాపరి ఒక్కడే అయితే మంద ముందు నడవకూడదు, వెనక నడవాలి.

పశువైద్య సేవ:

పశువైద్య సహాయకుడిగా నంద్యాల వైపు పని చేస్తున్నాను. రెండు విషయాలు రాస్తాను.

కొండదారి గారు చెప్పినట్టు చర్మం ఒలిచి చూడటం ముఖ్యం. మేము మేక ఏ వయసుది, ఆడదా మగదా, గాట్లు ఎక్కడ ఎంత లోతున ఉన్నాయి, బతికున్నప్పుడు పడ్డాయా చచ్చాక పడ్డాయా అన్నది రాసి ధ్రువపత్రం ఇస్తాం. బతికున్నప్పుడు పడిన గాటు చుట్టూ నెత్తురు గడ్డ కడుతుంది, చచ్చాక కొరికితే అలా గడ్డ కట్టదు. కుక్కల పని అని తేలితే అటవీ శాఖ పరిహారం రాకపోవచ్చు, అది కష్టమే. అయినా నిజం రాయించుకోండి. తప్పు జంతువు పేరు రాయిస్తే ఆ ఊళ్లో దొడ్లు ఇంకోసారి ఖాళీ అవుతాయి, ఎందుకంటే అసలు గుంపు ఊళ్లోనే ఉంటుంది.

రెండోది, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని విషయం. ఊరకుక్కల నుంచి అడవి కుక్కలకు జబ్బులు అంటుతాయి. డిస్టెంపర్, పార్వో, రేబీస్, గజ్జి. రేచుకుక్కలు ఒకదానికొకటి మూతులు నాక్కుంటూ బతికేవి కదా, ఒకదానికి అంటితే మందంతా అంటినట్టే. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి, వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. ఇథియోపియాలో బాలే పర్వతాల మీద ఒక అరుదైన తోడేలు ఉంది, మొత్తం ఐదు వందలు కూడా ఉండవు. అక్కడ పశువుల కాపరుల కుక్కల నుంచి రేబీస్ అంటి 2003లో ఒక లోయలోని తోడేళ్లలో ముప్పాతిక భాగం చనిపోయాయి. అక్కడ పల్లెల్లో కుక్కలకు టీకాలు వెయ్యడాన్నే తోడేళ్ల సంరక్షణలో పెద్ద పనిగా పెట్టుకున్నారు. కొండ మీది జంతువును కాపాడటానికి కొండ కింద పల్లెలో పని చెయ్యాల్సి వచ్చింది.

మీ ఊళ్లో చెయ్యాల్సిందీ ఇదే. ప్రతి జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బులు) దినం నాడు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. అంతవరకూ ఆగక్కర్లేదు, పంచాయతీ నుంచి ఒక అర్జీ ఇస్తే మీ ఊళ్లోకే వచ్చి శిబిరం పెట్టడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. డిస్టెంపర్ టీకాకు డబ్బు అవుతుంది, దానికి దాత కావాలి. కాపరుల వెంట అడవిలోకి వెళ్లే కుక్కలకు ముందు వెయ్యండి. మిగతా వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించాలి. కోళ్ల వ్యర్థాలు బహిరంగంగా పారబొయ్యడం ఆగాలి, అది ఆగకుండా మిగతావి ఎన్ని చేసినా కుక్కలు తగ్గవు.

ఇంకోటి, మేకలకు పారుడు రోగం టీకా, గాలికుంటు టీకా తప్పకుండా వేయించండి. ఒకే నీటి గుంట దగ్గర మేకలూ దుప్పులూ తాగే చోట జబ్బు ఎటు నుంచి ఎటైనా పోతుంది. దుప్పులు జబ్బుతో పోతే రేచుకుక్కకు మేక తప్ప వేరే దిక్కు ఉండదు.

గుండ్లకమ్మ గట్టు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. శనివారం రాత్రే ఊరికి వెళ్లాను. డాక్టరు గారు చూశారు. ఐదింటిలో నాలుగింటికి తొడల మీదే గాట్లు, అవి ఊరకుక్కలవే అని రాసిచ్చారు. కొండదారి గారు అడిగినట్టే ఊరి చివర కోళ్ల వ్యర్థాల గుట్ట ఉంది. మేకల్ని పూడ్చేశాం.

ఆదివారం చట్టం ఊసెత్తలేదు. బొరియ దగ్గర పిల్లలకు కక్కి పెట్టే సంగతి చెప్పాను. మా ఊళ్లో ముసలాయన ఒకరు, విషం పెడదామని మొదట అన్నవారే, "పసిబిడ్డలున్న ఇంట్లో మందు పెట్టినట్టుంది గదరా" అన్నారు. ఆ మాట తర్వాత ఇంకెవరూ గుళికల పేరెత్తలేదు. టీకాల శిబిరానికి అర్జీ రాసి సర్పంచ్ గారి సంతకం తీసుకున్నాను.

అయితే నాన్న ఒకటి అడిగాడు, నాకు జవాబు తెలియలేదు. "నలభై ఏళ్లుగా ఆ వాలు మీద మేపుతున్నా, అప్పుడప్పుడు కనపడేవి గానీ మేకను పట్టింది లేదు. ఇప్పుడే ఎందుకు కిందికి దిగాయి?" అన్నాడు. పోతుపిల్లకు పరిహారం అర్జీలో ఏం రాయాలో కూడా చెప్పండి.

కొండదారి:

ఆ ముసలాయనకు నా నమస్కారం చెప్పు తమ్ముడూ. నాకు చాలా సంతోషంగా ఉంది.

మీ నాన్న అడిగింది అసలైన ప్రశ్న. జవాబు ఒక్కటే ఉండదు, మీ కొండ చూడకుండా ఇదీ అని చెప్పలేను. నేను తిరిగిన చోట్ల చూసినవి చెబుతాను, నాన్నను మీ కొండకు సరిపోల్చి చూడమను.

రేచుకుక్క బతకాలంటే దుప్పీ కణితీ ఉండాలి. అవి ఉండాలంటే గడ్డి, వేసవిలో నీళ్లు ఉండాలి. కొండ మీద లాంటానా కంప కమ్ముకుంటే దాని కింద గడ్డి మొలవదు. ఇప్పపువ్వు ఏరడానికీ బీడీ ఆకు చిగురు కోసమూ పెట్టే నిప్పు అదుపు తప్పితే వాలు వాలంతా తగలబడుతుంది, అప్పుడు దుప్పులు వేరే లోయకు పోతాయి. అడవిపందుల కోసం పొలం గట్ల మీద పెట్టే ఉచ్చుల్లో, కరెంటు తీగల్లో దుప్పులు పడతాయి, రేచుకుక్కలూ పడతాయి. కొంచెం కొంచెంగా వాటి తిండి తగ్గిపోతుంది, పల్లె అంచున మేక కనపడుతుంది. మీ వాలున ఈ మూడింటిలో ఏది జరిగిందో నలభై ఏళ్లు అక్కడ నడిచిన మనిషికే బాగా తెలుస్తుంది. నాన్నను బీట్ ఆఫీసర్ పక్కన కూర్చోబెట్టి చెప్పించు. సాసర్ పిట్‌లో (అడవి జంతువులు తాగడానికి కట్టే లోతులేని తొట్టిలో) నీళ్లు ఎక్కడ పొయ్యాలో, ఏ చోట కంప తియ్యాలో కాపరి చెబితే ఆఫీసర్‌కు కూడా పని తేలిక.

ఇంకో సంగతి కూడా ఉంది, దాని గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. ఒక మందలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక బయటికి పోయి వేరే మందలో కలవాలి. మీ కొండ నుంచి దక్షిణంగా వెలిగొండలు, లంకమల, పెనుశిల నరసింహ అభయారణ్యం దాటుకుంటూ శేషాచలం దాకా అడవి తెగుతూ అతుక్కుంటూ పోతుంది. పులుల కోసం ఆ దారిని కాపాడాలని అటవీ శాఖ చాలాకాలంగా చూస్తోంది. అది రేచుకుక్కలకూ దారే. మధ్యలో రోడ్లు, కాలువలు, తోటల కంచెలు అడ్డొస్తున్నాయి. నంద్యాల, గిద్దలూరు మధ్య రైలు పట్టా కూడా నల్లమల నడుమ నుంచే పోతుంది. దారి తెగితే ఒక కొండ మీద ఒకే కుటుంబం మిగిలిపోతుంది. విశాఖ జూలో వీటిని పెంచి పిల్లలు పెట్టించే కేంద్రం ఉంది, మంచి పని చేస్తున్నారు. కానీ అక్కడ పుట్టిన పిల్లను తెచ్చి వదలాలన్నా వదలడానికి దుప్పులున్న కొండ కావాలి కదా. అందుకే నాకు జూ కంటే మీ వాగు అవతలి వాలే ముఖ్యం.

ఊళ్లో ఎవరైనా ఆ కొండతో మనకేం పని అంటే కంభం చెరువు గుర్తుచెయ్యి. ఆ చెరువు నిండేది నల్లమలలో పడిన వానతోనే.

పరిహారం గురించి. పాలేరు వాగు గారు అన్న ఆలస్యం నిజమే, అందుకే మొదటి కాగితమే గట్టిగా ఉండాలి. అర్జీలో తేదీ, సమయం, చోటు స్పష్టంగా రాయించు. చోటు అంటే వాగు పేరు, ఏ బీట్ కిందికి వస్తుంది, రెవెన్యూ భూమా, అడవి హద్దు లోపలా. ఆ చివరిది తప్పకుండా అడుగుతారు, అబద్ధం రాస్తే పంచనామా దగ్గర దొరికిపోతారు, ఉన్నదే రాయండి. నాన్న కళ్లారా చూసింది ఆయన మాటల్లోనే రాయించు: ఎన్ని కుక్కలు, ఏ రంగు, ఈల, ఎటు పోయాయి. మిగిలిన తల, చర్మం ఫొటో ఉంటే జత చెయ్యి. పక్కన మేపుతున్న ఇంకో కాపరి ఉంటే సాక్షి సంతకం తీసుకో. రేంజ్ ఆఫీసులో ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. ఆ కాపీ ఉంటే తర్వాత ఎవరూ అందలేదని అనలేరు.

దొడ్డికి మాత్రం ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టండి. ముళ్లకంప చుట్టూ ఇనుప వల కట్టి అడుగున రాళ్లు పరిస్తే ఊరకుక్కలు తవ్వి లోపలికి రాలేవు. తొడలు చీలిన ఆ రెండు మేకలు ఎలా ఉన్నాయి? వాటిని కరిచింది కుక్కలే కాబట్టి రేబీస్ మాట పశువైద్య సేవ గారిని ఒకసారి అడుగు. గాయాలకు కట్టు కట్టినవాళ్లు ఎవరైనా వట్టి చేతులతో ముట్టుకుని ఉంటే వాళ్లు కూడా ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలేమో కనుక్కోవాలి.

పశువైద్య సేవ:

అవును, చాలా మంచి మాట గుర్తుచేశారు. ఆ రెండు మేకల్నీ మంద నుంచి వేరుగా కట్టెయ్యండి. గాయాన్ని సబ్బు నీళ్లతో పావుగంట సేపు ధారగా కడగాలి, ఇప్పటికే కడిగి ఉన్నా డాక్టరుకు చెప్పి మేకలకు కరిచాక వేసే రేబీస్ టీకాల వరస మొదలుపెట్టించండి. వాటి పాలు పచ్చివి ఎవరూ తాగొద్దు. కట్టు కట్టింది మీ నాన్నే అయితే, చేతికి గీతలు ఉన్నా లేకపోయినా, రేపు పొద్దున్నే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. అక్కడ టీకా ఉచితం.